నెత్తి ముట్టుకోనివ్వని నొప్పి

మైగ్రేన్ ముదిరినప్పుడు చాలామంది తల దువ్వుకోలేరు. దువ్వెన పళ్లు తగిలితే మాడంతా మంటెత్తుతుంది. బిగించి వేసిన జడ కుదుళ్లతో సహా లాగినట్టుంటుంది. కమ్మలు తీసి పక్కన పెడతారు, కళ్లజోడు తీసేస్తారు, నొప్పి ఉన్న చెంపను దిండుకు ఆనించలేరు. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తలనొప్పి అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు తోచే మొదటి పని నెత్తికి నూనె పెట్టి మర్దన చేయడం. కూతురు ఆ చెయ్యిని తోసేసి "నెత్తి ముట్టుకోకుండ్రి" అని అరిస్తే వాళ్లు నొచ్చుకుంటారు. కోపం అనుకుంటారు, పని తప్పించుకునే వేషాలు అనుకుంటారు, గాలి సోకిందేమో అని అనుమానపడేవాళ్లూ ఉన్నారు. ఆమె చెబుతున్నది మాత్రం అక్షరాలా నిజం. ఆ సమయంలో ఆమె తలకు నూనె చెయ్యి కూడా నొప్పే.

నొప్పి పుట్టించకూడని స్పర్శ నొప్పిగా తెలియడాన్ని వైద్యులు అలొడీనియా అంటారు. ఇది చర్మవ్యాధి కాదు. మాడు మీద పుండు ఉండదు, ఎరుపు ఉండదు, చుండ్రుతో సంబంధం లేదు. షాంపూ మార్చినా, నూనె మార్చినా తగ్గదు. చర్మం బాగానే ఉంటుంది, చర్మం పంపే కబురును మెదడు చదివే తీరు మారిపోతుంది. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

ఇదేమీ అరుదైన లక్షణం కూడా కాదు. 1960లో ఆస్ట్రేలియాలో సెల్బీ, లాన్స్ అనే వైద్యులు వందలమంది మైగ్రేన్ రోగులను పరిశీలించి, దాదాపు మూడింట రెండొంతుల మందికి మాడు ముట్టుకుంటే నొప్పి ఉందని రాశారు. 2008లో అచ్చయిన అమెరికా సర్వేలోనూ మైగ్రేన్ ఉన్నవారిలో 63 శాతం మందికి అలొడీనియా తేలింది. మన దేశం విషయానికి వస్తే, పక్కనే ఉన్న కర్ణాటకలో బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చేసిన సర్వేలో ఏడాదిలో మైగ్రేన్ వచ్చినవారు నూటికి పాతిక మంది. నారాయణపేట, గద్వాల దాటితే వచ్చేది ఆ రాష్ట్రమే, ఇటు మాత్రం లెక్క మారిపోతుందని అనుకోవడానికి కారణం కనిపించదు. ఆడవాళ్లలో మైగ్రేన్ మగవాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. అలొడీనియా కూడా వాళ్లలోనే ఎక్కువ.

స్పర్శ నొప్పిగా ఎలా మారుతుందో తెలిస్తే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా తెలుస్తుంది. మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. దాన్ని చుట్టి ఉన్న పొరలకు, ఆ పొరల్లోని రక్తనాళాలకు తెలుస్తుంది. అక్కడి కబురును ట్రైజెమినల్ నరం మోస్తుంది. నుదురు, కన్ను, ముఖం మీది చర్మం కబుర్లు మోసేదీ అదే నరం. మైగ్రేన్ మొదలైనప్పుడు ఈ నరం కొసల దగ్గర సీజీఆర్‌పీ వంటి పదార్థాలు విడుదలై కొసలు సున్నితమవుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా కణత అదురుతుంది. వంగినా, దగ్గినా, మెట్లెక్కినా పోటు పెరుగుతుంది. ఈ దశలో చర్మం ఇంకా మామూలుగానే ఉంటుంది.

ఆ కబుర్లు ఆగకుండా వస్తూ ఉంటే, మెదడు కింది భాగంలో వాటిని అందుకునే రెండో వరస నరకణాలు కూడా రెచ్చిపోతాయి. ముఖం చర్మం నుంచి, మెడ వెనక నుంచి వచ్చే కబుర్లు చేరేదీ ఈ కణాల దగ్గరికే. అవి ఒకసారి రెచ్చిపోయాక దువ్వెన తగిలినా, చల్లటి నీళ్లు పడ్డా నొప్పి అనే పైకి పంపుతాయి. కాసేపటికి అవి కింది నుంచి వచ్చే కబురు కోసం కూడా చూడవు. పొయ్యిలోంచి కట్టెలు లాగేశాక కూడా నిప్పులు కణకణమంటూనే ఉంటాయి కదా, అలాగన్న మాట. ఇంకా పైన థాలమస్ అనే భాగం ఉంది. ఒళ్లంతటి కబుర్లూ చేరేది అక్కడికే. మంట అక్కడి దాకా పాకితే నొప్పి తలతో ఆగదు. చేతి మీద చీర కొంగు రాసుకున్నా, గాజులు ఒరుసుకున్నా చిరాకు పుడుతుంది.

బోస్టన్‌లో రామీ బర్స్‌టీన్ బృందం ఒకే రోగిని ఒక మైగ్రేన్ దాడి మొదటి నుంచి గంటల వారీగా గమనించి 2000లో ప్రచురించింది. దాడి మొదలైన గంటకు, నొప్పి ఉన్న వైపు తల చర్మంలో ఒత్తిడికీ చల్లదనానికీ నొప్పి పుట్టింది. రెండు గంటలకు రెండో వైపు తలకు, నొప్పి ఉన్న వైపు ముంజేతికి పాకింది. నాలుగు గంటలకు వేడి కూడా భరించలేని స్థితి వచ్చింది. అందరిలోనూ ఇదే గడియారం నడవదు. కానీ వరస ఇదే: లోపలి పొరలు, తర్వాత తల చర్మం, ఆ తర్వాత ఒళ్లు. అదే బృందం అదే ఏడాది దాడి సమయంలో పరికరాలతో పరీక్షించిన 42 మందిలో 33 మందికి అలొడీనియా ఉన్నట్టు తేలింది. "తల నొస్తే చెయ్యి కూడా సురసురమంటుంది" అని చెప్పిన మనిషిని డాక్టరు అనుమానంగా చూడనక్కర లేదు.

ఏ స్పర్శ బాధిస్తుందన్నది కూడా అందరిలో ఒకేలా ఉండదు. మెత్తగా రాసుకుంటూ పోయే స్పర్శ ఒక రకం: దువ్వెన, నూనె చెయ్యి, కొంగు, మాడు మీద పడే నీళ్లు. కదలకుండా ఒత్తేది ఇంకో రకం: కమ్మలు, మెడలో పుస్తెలతాడు, హెల్మెట్, దిండు. మూడోది వేడీ చల్లదనం. ఈ మూడూ ఒక మనిషిలోనే వేర్వేరు తీరుల్లో ఉండొచ్చు. కొందరు తలకు తువాలు బిగించి కట్టుకుంటే హాయి అంటారు, మరికొందరు అదే గుడ్డను నిమిషం కూడా భరించలేరు. బిగువైన ఒత్తిడిని తట్టుకుని మెత్తటి స్పర్శను తట్టుకోలేనివాళ్లూ ఉన్నారు. కాబట్టి ఫలానా ఆమెకు గుడ్డ కడితే తగ్గిందని ఇంకొకరి తలకు బలవంతంగా కట్టకూడదు. నీలగిరి తైలం, అమృతాంజనం, శొంఠి పట్టు సంగతీ అంతే. ఆ ఘాటు నొప్పి మొదట్లో కొందరికి ఉపశమనం ఇస్తుంది. చర్మం రెచ్చిపోయాక రుద్దితే మాత్రం ఆ రుద్దడమే బాధ, పైగా వాసన వికారాన్ని పెంచుతుంది. బాధపడుతున్న మనిషిని అడిగి చెయ్యి వేయాలి. వద్దంటే చీకటి గది, నిశ్శబ్దం ఇచ్చి వదిలేయడమే ఆ పూటకు చేయగల సేవ.

ఎండాకాలంలో ఈ వేడి విషయం మరీ ముఖ్యం. నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెల ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. ఎండ, వెలుగు, చెమట, నీళ్లు తాగకపోవడం, పొద్దున్నే తినకుండా పనికి పోవడం, ఇవన్నీ మైగ్రేన్‌ను లేపేవే. లేచాక కట్టెల పొయ్యి సెగ ముఖానికి తగిలితే చర్మానికి అదొక దెబ్బ. పత్తి ఏరే కూలికి, బత్తాయి తోటలో గంప ఎత్తే మనిషికి చుట్టబట్ట మీద బరువు పెట్టుకోక తప్పదు. ఆ రోజు కూలి పోతుంది కనుక పడుకోలేదు, పడుకోలేదు కనుక దాడి ముదురుతుంది. ఈ చక్రాన్ని తెంచే మార్గం పూర్తిగా వైద్యం చేతిలో లేదని ఒప్పుకోవాల్సిందే.

అలొడీనియాను కొలవడానికి పన్నెండు ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. తలనొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు దువ్వుకోవడం, జుట్టు వెనక్కి లాగి కట్టడం, గడ్డం గీసుకోవడం, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సు, చెవి కమ్మలు, మెడలో గొలుసు, బిగుతు బట్టలు, ముఖం మీద షవర్ నీళ్లు, దిండు మీద తల ఆనించడం, వేడి, చల్లదనం: వీటిలో ఏది ఎంత తరచుగా బాధపెడుతుందో అడుగుతారు. ఎప్పుడూ లేకపోతే, ఎప్పుడో అరుదుగా ఐతే, లేదా ఆ వస్తువే వాడకపోతే సున్నా. సగం సార్లకన్నా తక్కువైతే 1, సగం సార్లు లేదా అంతకు మించి ఐతే 2. మొత్తం 3 గానీ అంతకు మించి గానీ ఐతే అలొడీనియా ఉన్నట్టు, 9 గానీ అంతకు మించి గానీ ఐతే తీవ్రంగా ఉన్నట్టు. పట్టిక మంచిదే గానీ దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఓపీలో కూర్చున్న డాక్టరు దాన్ని ఉన్నది ఉన్నట్టు చదివితే లాభం లేదు. కాంటాక్ట్ లెన్సు పెట్టుకోని మనిషికి ఆ ప్రశ్న సున్నాయే, షవర్ లేని ఇంట్లో ఆ ప్రశ్నా సున్నాయే. నిజంగా ఉన్న బాధ మార్కుల్లో తగ్గిపోతుంది. చెంబుతో నెత్తి మీద నీళ్లు పోసుకున్నప్పుడు ఎలా ఉంటుంది, కొప్పు విప్పుకోవాలనిపిస్తుందా, కొంగు నెత్తిన కప్పుకోగలవా, గంప ఎత్తగలవా, పొయ్యి ముందు కూర్చోగలవా అని అడిగితే జవాబు వెంటనే వస్తుంది. స్కోరు కన్నా ఆ జవాబు విలువైనది. చాలామంది ఈ మాట తమంతట తాము చెప్పరు. డాక్టరు దగ్గర "తలనొప్పి సార్" అని ఊరుకుంటారు.

ఇప్పుడు మందు సంగతి. మైగ్రేన్ కోసమే వచ్చిన ట్రిప్టాన్ మందులు నరం కొసల దగ్గర బాగా పనిచేస్తాయి. మంట పై వరస కణాలకు పాకాక వాటి పట్టు తగ్గుతుంది. బర్స్‌టీన్ బృందమే 2004లో దీన్ని చూపింది. అలొడీనియా రాకముందు ట్రిప్టాన్ తీసుకున్న దాడుల్లో 93 శాతం రెండు గంటల్లో పూర్తిగా తగ్గాయి, వచ్చాక తీసుకున్నవాటిలో తగ్గినవి 15 శాతమే. అది కొద్దిమంది మీద చేసిన పరిశోధన. తర్వాతి పెద్ద పరీక్షల్లో ఇంత కొట్టొచ్చిన తేడా కనబడలేదు, నొప్పి స్వల్పంగా ఉండగానే వేసుకోవడం ముఖ్యమని వాటిలో తేలింది. ఏ దారిన వెళ్లినా చేరే చోటు ఒకటే: ముందే వేసుకోవాలి.

మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పొద్దున కణత అదరడం మొదలైతే ముందు చాయ్. తర్వాత జండూబామ్. మధ్యాహ్నానికి వాంతులు. "మాత్రలు ఎక్కువ వేసుకోవద్దు, ఓర్చుకో" అనే మాట. సాయంత్రానికి నెత్తి ముట్టుకోలేని స్థితి వచ్చాక కిరాణా కొట్టు మాత్ర, అదీ పనిచేయకపోతే ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్. మాత్ర పనిచేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మైగ్రేన్ దాడిలో కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఆగిపోతుంది. వాంతులకు ఇచ్చే డొంపెరిడోన్ వంటి మందును డాక్టర్లు నొప్పి మాత్రకు జత చేసేది అందుకే. మాత్ర పనికిరానిదన్న పేరు చాలా ఇళ్లలో ఇలా ఆలస్యం వల్ల వచ్చిందే.

అయితే సాయంత్రం ఇంజెక్షన్‌తో తగ్గిందని చెప్పేవాళ్ల మాటను కొట్టిపారేయడం తప్పు. 2005లో అలొడీనియా ముదిరిన రోగులకు కీటోరోలాక్ అనే నొప్పి మందును రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలామందిలో నొప్పీ తగ్గింది, చర్మమూ నెమ్మదించింది. మన పల్లెల్లో పొడిచే డైక్లోఫెనాక్ కూడా ఆ కోవకు చెందిన మందే. నల్లమందు జాతి మందులు ముందు వాడినవారికి మాత్రం ఆ వైద్యం పనిచేయలేదు. ట్రమడాల్ వంటివి మైగ్రేన్‌కు వద్దని నిపుణులు చెప్పడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. సూదిలో ఏ మందు ఉందో అడిగి, చీటీ మీద రాయించుకోవాలి. ట్రిప్టాన్ కూడా అందరికీ పనికిరాదు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు, బీపీ అదుపులో లేనివారు వేసుకోకూడదు. మొదటిసారి డాక్టరు రాస్తేనే వాడాలి.

ముందే వేసుకోవాలన్న మాటకు వెనక ఒక గొయ్యి ఉంది. నొప్పి వస్తుందేమో అన్న భయంతో రోజూ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ వంటి మామూలు మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్‌లు, కలగలుపు మాత్రలు, నల్లమందు జాతి మందులు నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ ప్రమాదం ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒళ్లు నొప్పులతో బతికిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో మోకాళ్లకనీ నడుముకనీ మాత్ర మింగడం చాలా ఇళ్లలో అలవాటు. మైగ్రేన్ ఉన్న మనిషి కీళ్ల కోసం వేసుకున్నా ఆ మాత్ర కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కిడ్నీల మీద పడే భారం అదనం. కాబట్టి నియమం రెండు వైపులా పదునైనది: దాడి వచ్చిన రోజు ఆలస్యం చేయొద్దు, అలాంటి రోజులు వారానికి రెండు దాటితే మాత్రతో సరిపెట్టుకోవద్దు.

తలస్నానం గురించి విడిగా చెప్పాలి. "నెత్తి పోసుకుంటే చాలు, తలనొప్పి లేస్తది" అనే ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ముంబై వైద్యుడు కె. రవిశంకర్ 2006లో ఇలాంటి 94 మంది భారతీయ రోగుల గురించి రాశారు. పొడవాటి జుట్టు, తడి ఆరకపోవడం మన దగ్గర మామూలు కనుక పాశ్చాత్యుల జాబితాల్లో లేని ఈ కారణం ఇక్కడ బయటపడింది. కానీ తలస్నానం దాడిని లేపడం వేరు, లేచిన దాడిలో నీళ్లు తగిలితే మాడు నొవ్వడం వేరు. మొదటిది కారణం, రెండోది లక్షణం. మొదటి రకం వాళ్లు జుట్టు తొందరగా ఆరబెట్టుకుని, ఖాళీ కడుపుతో, ఎండలో పోసుకోకుండా చూసుకుంటే కొంత మేలు. రెండో రకం వాళ్లు ఆ రోజుకు స్నానం వాయిదా వేసుకుంటే చాలు. శుక్రవారమనో పండగనో బలవంతం చేయకపోవడం ఇంట్లోవాళ్ల పని.

మాడు ముట్టుకుంటే నొప్పి అన్నదల్లా మైగ్రేన్ కాదు. యాభై దాటిన మనిషికి కొత్తగా తలనొప్పి మొదలై, కణత దగ్గర ముట్టుకోలేకుండా ఉండి, అన్నం నములుతుంటే దవడ నొచ్చి, చూపు మసకబారితే అది కణత రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. ఈఎస్ఆర్ వంటి రక్తపరీక్షలు, స్టెరాయిడ్ మందు అదే రోజు మొదలుకావాలి. మన దేశంలో ఇది తక్కువే, అందుకే మరచిపోయే ప్రమాదం ఎక్కువ. ముఖం మీద ఒకచోట ముట్టుకోగానే కరెంటు షాకులా కొట్టి క్షణాల్లో పోయేది ట్రైజెమినల్ న్యూరాల్జియా, దాని మందు వేరు. నుదుటి మీద ఒక పక్కనే మంట పుట్టి రెండు మూడు రోజులకు పొక్కులు వస్తే సర్పి. కంటి దగ్గర వస్తే వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. ఇక ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కాలో చెయ్యో పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఏ చిట్కా కోసమూ ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

అలొడీనియా ఒక హెచ్చరిక కూడా. 2013లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు, అది ఉన్నవారిలో మైగ్రేన్ రోజులు కాలక్రమేణా పెరిగే అవకాశం ఎక్కువని చూపారు. నెలలో 15 రోజులు, మూడు నెలలకు పైగా తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలుంటే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. అక్కడికి చేరాక వెనక్కి రావడం కష్టం గానీ అసాధ్యం కాదు. దాడి లేని రోజుల్లో కూడా దువ్వెన గుచ్చుకుంటున్నట్టు ఉంటే, ముట్టుకుంటే నొప్పి ప్రతి దాడిలోనూ వస్తుంటే, దాడులు రాకుండా చేసే మందుల గురించి అడగాల్సిన సమయం వచ్చిందని అర్థం. ప్రొప్రనొలాల్, ఎమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్, టోపిరమేట్ వంటివి పాతవి, ఖరీదు తక్కువ. ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ వద్దు, గర్భం ధరించే ఆలోచన ఉంటే టోపిరమేట్ వద్దు, కాబట్టి ఆ సంగతులు ముందే చెప్పాలి. సీజీఆర్‌పీని అడ్డుకునే సూదిమందులకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, మన దగ్గర కూలి చేసుకునే కుటుంబానికి అవి ఇంకా అందేవి కావు.

ఈ నివారణ మందులను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పది రోజులు వాడి గుణం లేదని మానేసినవాళ్లే ఎక్కువ. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. అక్కడికి వెళ్లేటప్పుడు ఒక క్యాలెండర్ కాగితం తీసుకెళ్తే చాలు: నొప్పి వచ్చిన రోజుకు గీత, మాత్ర వేసుకున్న రోజుకు చుక్క, నెత్తి ముట్టుకోలేని రోజుకు సున్నా చుట్టాలి. మూడు నెలల తర్వాత గీతలతో పాటు సున్నాలు కూడా తగ్గాయో లేదో చూసే, ఆ మందు పనిచేస్తోందో లేదో డాక్టరు తేల్చగలుగుతాడు.